బిల్లెట్‌ని దేనితో కట్టాలి?

సెక్టర్ 7, భిలాయి
18-7-1993

చి. గురునాథానికి,

మీ అప్ప ఆశీర్వదించి రాస్తున్నది. అందరం క్షేమం అని మొదలుపెట్టడం మనింటి అలవాటు గానీ, ఈసారి ఆ అబద్ధం రాయలేను. ఈ ఇంట్లో క్షేమంగా ఉన్నది నీ కుక్క ఒక్కడే.

"నెల్లాళ్లు ఉంచప్పా, క్వార్టరు రాగానే తీసుకుపోతాను" అని బిల్లెట్‌ని నా గుమ్మంలో వదిలి, వైజాగ్ ప్లాంటులో ఉద్యోగమని రైలెక్కేశావు. క్వార్టరు వచ్చిందట. పాలు కూడా పొంగించారట. ఆ సంగతి నాకు నీ ఉత్తరంలో తెలియలేదు, కూరల బజారులో ఎవరో చెబితే తెలిసింది. కుక్క మాట ఎత్తవలసి వస్తుందని ఉత్తరమే మానేశావన్నమాట. నీ భార్య రోహిణి వద్దని ఉంటుంది. నేల మీద ఒక వెంట్రుక కనిపిస్తే ఆవిడకి అన్నం సహించదు కదా.

నా బాధ విను. కొబ్బరితాడుతో కడితే ఒక్క పూటలో కొరికేశాడు. మిల్లులోంచి వచ్చే ఎర్రటి ఇనుప దుంగలా ఉన్నాడని పేరు పెట్టుకున్నావు గానీ, ఆ దుంగకి పళ్లున్నాయని చెప్పలేదు. సుపేలా బజారుకి వెళ్లి తోలుపట్టీ, తళతళలాడే గొలుసు కొన్నాను. క్వార్టర్ల వెనక మురుగుకాలవలో పందులు తిరుగుతాయని నీకు తెలుసు. మొన్న ఒక పందిని చూసి వీడు ఒక్క గెంతు గెంతాడు. పట్టీకున్న రింగు తెరుచుకుని గొలుసు నా చేతిలో మిగిలింది. తీరా చూస్తే ఆ రింగు అతికిందే కాదు. తీగని గుండ్రంగా వంచి, పైన మెరుపు పూశాడు. ఆ అంగడివాణ్ణి అడిగితే "మాతాజీ, కుత్తా జ్యాదా తాకత్‌వాలా హై" అంటాడు. కుక్కకి బలం ఎక్కువట, తప్పు కుక్కదట.

వీధుల్లో కుక్కల బండి తిరుగుతోంది. మెడకి పట్టీ లేని కుక్కని ఎత్తుకుపోతారు, మళ్లీ తిరిగి రాదు. వీణ్ణి దేనితో కట్టాలో చెప్పు. లేదా వచ్చి తీసుకుపో. రెండింటిలో ఏదో ఒకటి చెయ్యి, ఊరుకోవడం మాత్రం కుదరదు.

కోపంగానే ఉన్న
మీ అప్ప, సూర్యావతి


ఉక్కునగరం, విశాఖపట్నం
29-7-1993

అప్పకి నమస్కారాలు.

నీ ఉత్తరం చదువుతుంటే నువ్వు ఎదురుగా నిలబడి అరిచినట్టే ఉంది. చిన్నప్పుడు జామకాయ దొంగిలిస్తే కూడా ఇంత తిట్టలేదు.

ముందు రోహిణి మాట. ఆవిణ్ణి అనకు. మాకు ఇచ్చింది మూడో అంతస్తు. కింద మట్టి లేదు, పైన గోడ లేదు. కుక్కని ఎక్కడ కట్టను, రోహిణి కొంగుకా? కింది అంతస్తు కోసం అర్జీ పెట్టాను. ఇంతకంటే ఏం చెయ్యను?

సుపేలాలో కొన్నావా? ప్లాంటు ఊళ్లో ఇన్నేళ్లు బతికి, బజారు ఇనుము కొంటావా అప్పా? నేను రిగ్గర్ని. క్రేను కింద టన్నులు ఎత్తించేవాణ్ణి. నా తోడబుట్టినది వంచిన తీగకి కుక్కని కట్టిందంటే నాకు తలవంపు. ఇక్కడ నాతో పనిచేసే వాసుదేవరావు సెలవులో భిలాయి, వాళ్లింటికి వస్తున్నాడు. అతనితో గొలుసు, దాన్ని పట్టీకి తగిలించే షాకిల్ పంపుతున్నాను. ప్రతి కడియం అతికినదే. లోడు పెట్టి పరీక్ష చేసిన సరుకు. దానికి ఏనుగుని కట్టినా ఆగుతుంది.

పట్టీ బిగించి పెట్టు. ఇంట్లో ఉన్నంతసేపూ గొలుసు. వీధిలోకి తీసుకెళ్లేటప్పుడు మాత్రం గట్టి తాడు, దాని కొస మణికట్టుకి రెండు చుట్లు చుట్టుకో. అప్పుడు వాడు లాగినా నీ చెయ్యి వదలదు. నేను అక్కడ ఉన్నప్పుడు అలాగే తిప్పేవాణ్ణి, గుర్తుందా? ఒక్కసారైనా తప్పించుకున్నాడా?

ఇంతకీ వాడు సరిగ్గా తింటున్నాడా? దాని గురించి ఒక్క ముక్క రాయలేదు నువ్వు.

నీ తమ్ముడు
గురునాథరావు


సెక్టర్ 7, భిలాయి
16-8-1993

చి. గురునాథానికి,

నీ ఏనుగు గొలుసు అందింది. వాసుదేవరావు రిక్షాలోంచి దింపలేక దింపాడు. మీ బావ చూసి "ఏటే, మీ తమ్ముడు లంగరు పంపినాడేటి, మనకి ఓడ ఉందేటి?" అన్నారు. గేటు ముందు పోతున్న పక్క క్వార్టరు పంజాబీ ఆవిడ ఆగి మరీ అడిగింది, "దీదీ, కుత్తా బాంధా హై యా ట్రక్?" అని, కట్టింది కుక్కనా లారీనా అని. వీధంతా నవ్వింది. నేను నవ్వలేదు.

నువ్వు చెప్పినట్టే బిగించి కట్టాను. ఆ బరువుకి వాడి తల పైకి లేవలేదు. నీళ్ల గిన్నె దాకా ఈడ్చుకుంటూ వెళ్లేవాడు. వానకి తోలు తడిసి, ఎండకి గట్టిపడి, పట్టీ కింద వెంట్రుకలు ఊడి పుండు పడింది. చీము కూడా పట్టింది. పసుపు రాస్తుంటే నా చెయ్యి నాకాడు తప్ప మూలగలేదు. నాకు కడుపు మండిపోయింది. పట్టీని రెండు కంతలు వదులు చేశాను. పుండు మీద ఇనుము వేలాడదీయడానికి నేను కసాయిదాన్నా?

ఆ మర్నాడు పాలవాడు వచ్చాడు, వాడి సైకిలు వెనక పందులు. బిల్లెట్ ముందుకి లాగలేదు. తల దించి, కాళ్లు తన్నిపెట్టి వెనక్కి వెనక్కి నడిచాడు. అంతే, తల బయటికి వచ్చేసింది. వాడి తల మెడ కంటే సన్నమని నీకు తెలియదా? పెంచావు కదా! గొలుసు అలాగే ఉంది. షాకిల్ అలాగే ఉంది. పట్టీ బకిలు పెట్టినది పెట్టినట్టే ఉంది. నువ్వు పంపినదేదీ తెగలేదు గురునాథం. లోపల కుక్క లేదు, అంతే.

మీ బావ బి షిఫ్టు నుంచి వచ్చి, తిండి తినకుండా సైకిలేసుకుని వెతికారు. రాత్రి దొరకలేదు. మర్నాడు కుక్కల బండి సెక్టర్ 4 వైపు వెళ్లిందని విని నా పై ప్రాణం పైనే పోయింది. బోసి మెడతో ఉన్నాడు కదా, వాళ్లకి ఎవరి కుక్కో ఏం తెలుస్తుంది? చివరికి అక్కడే, ఒక బడి గోడ పక్కన, తోపుడు బండి కింద దొరికాడు. మీ బావ సైకిలు గంట విని వాడే బయటికి వచ్చాడట.

తింటున్నాడా అని అడిగావు. తింటున్నాడు. నా మనశ్శాంతిని కూడా కలుపుకుని తింటున్నాడు.

మీ అప్ప


ఉక్కునగరం
27-8-1993

అప్పకి,

పట్టీ వదులు చేసింది నువ్వే. నీ చేత్తో నువ్వే రాశావు. రెండు కంతలు! ఎందుకు చేశావో నేను చెప్పనా? ఆ కుక్క నీకు మొదటినుంచీ ఇష్టం లేదు. దానంతట అది పోతే నీకు పాపం రాదు, నాకు జవాబు చెప్పక్కర్లేదు. తప్పు నా గొలుసు మీదికి తోసేయొచ్చు.

కోపం వస్తే రానీ. నాకు కూడా వచ్చింది. నీ ఉత్తరం వచ్చిన దగ్గరనుంచి పనిలో మనసు లేదు. కుక్కల బండి అని రాశావు చూడు, ఆ మాట దగ్గరే ఆగిపోయాను. రోహిణి ఏడ్చింది. నువ్వు వెంట్రుకల సంగతి రాసిన ఆ రోహిణే.

పుండు పడితే గుడ్డ చుట్టి బిగించాలి. వదులు చెయ్యడం దేనికి? తాడు చేతికి రెండు చుట్లు చుట్టుకోమన్నాను, అదైనా చేస్తున్నావా, లేక పంది కనిపించగానే చెయ్యి తెరిచేస్తున్నావా?

ఇంక నీకు శ్రమ వద్దు. నా పాత గ్యాంగులో బలరాం ఉన్నాడు కదా, వాళ్లకి పాటన్ వైపు ఇటుకల బట్టీ ఉంది. కాపలాకి కుక్క కావాలంటున్నాడు. ఉత్తరం రాశాను. వచ్చి తీసుకుపోతాడు, ఇచ్చెయ్యి. నువ్వూ బావా హాయిగా ఉండండి.

గురునాథరావు


సెక్టర్ 7, భిలాయి
14-9-1993

మావయ్యకి నమస్తే.

నేను అమ్ముని. అమ్మ చెప్తోంది, నేను రాస్తున్నాను. నాకు హిందీ అయితే ఫటాఫట్ వస్తుంది, తెలుగు తప్పులుంటే నవ్వొద్దు.

అమ్మ చెప్పిన మాటలు ఇవి: "బలరాం వచ్చినాడు. ప్లాస్టిక్ తాడు తెచ్చినాడు. లాగితే బిగిసిపోయే ముడి ఏసి, బిల్లెట్ మెడలో పడీయబోనాడు. అలాగ కడితే ఊపిరాగి సచ్చిపోద్దిరా అంటే, 'కుత్తా హీ తో హై', కుక్కే కదా అని నవ్వినాడు. టీ ఇచ్చి పంపీసినాను. కుక్క ఎక్కడికీ రాదు. ఆ మాట మీ మావయ్యకి రాసీ. ఇంకేటీ రాయకు."

నేను ఇంకో సంగతి రాద్దామంటే అమ్మ వద్దంటోంది. కాగితం లాక్కునేలా ఉంది. బంద్ చేస్తున్నాను.

అమ్ము


ఉక్కునగరం
25-9-1993

అప్పకి,

బాగుంది. నాతో మాట్లాడడానికి కూతుర్ని పెట్టుకునేదాకా వచ్చింది. నా పేరు నీ చేత్తో రాస్తే చెయ్యి మైల పడుతుందా? అమ్మ పోయిన దగ్గరనుంచి నాకు ఉత్తరం అంటే నీ చేతిరాతే. కవరు మీద అమ్ము రాత చూసి, నీకేమైనా అయిందేమోనని గుమ్మంలోనే చింపాను. లోపల నాలుగు ముక్కలు, అవీ ఆజ్ఞలు. కుక్క రాదట. రాదని చెప్పడానికి అది ఎవరి కుక్క? నెలల తరబడి తీసుకుపో, తీసుకుపో అని తిట్టింది ఎవరు? మనిషిని పంపితే టీ ఇచ్చి తోలేస్తావా? బలరాం దగ్గర నా పరువు పోయింది. నీకసలు ఏం కావాలో నీకైనా

ఇంతవరకు రాసి భోజనానికి లేచాను. వాసుదేవరావు వచ్చాడు, భిలాయి నుంచి వాళ్లవాళ్లు రాసిన ఉత్తరం పట్టుకుని.

నీ కుడిచెయ్యి విరిగిందట. పిండికట్టు వేశారట. వినాయక చవితికి ముందే జరిగిందట. బిల్లెట్ లాగితే రోడ్డు మీద పడ్డావట. ఊరంతటికీ తెలుసు, వాసుదేవరావుకి తెలుసు, నాకు తెలియదు. నేను ఎవర్ని అప్పా? పక్క క్వార్టరు పంజాబీ ఆవిడకి చెప్పుకోగలిగావు, నాకు ఒక కార్డు ముక్క రాయించలేకపోయావా? నాకు ఒళ్లంతా మండుతోంది. ఈ ఉత్తరం చింపేసి మళ్లీ రాద్దామనుకున్నాను. చింపను. పైన రాసిన తిట్లు కూడా చదువు. నువ్వు చెప్పకపోతే నేనిలాంటివే రాస్తాను.

ఇంక ఆ కుక్క మాట. నా అప్ప చెయ్యి విరిచిన కుక్క ఆ ఇంట్లో ఒక్క పూట ఉండడానికి వీల్లేదు. దసరా వెళ్లగానే సెలవు పెడుతున్నాను. నేనే వస్తాను. బలరాం బట్టీ కాకపోతే ఇంకోచోటు చూస్తాను. తోలుకుపోయేదాకా కదలను. నువ్వు ఏడ్చినా వినను, ముందే చెబుతున్నాను.

గురునాథం


సెక్టర్ 7, భిలాయి
12-10-1993

చి. గురునాథానికి,

పిండికట్టు విప్పారు. ఇది నా చేతిరాతే. అక్షరాలు వంకరపోతే ఓర్చుకో, అమ్ము రాత చూసి ఊరంతా ఎగిరావు కదా.

చెయ్యి బిల్లెట్ విరిచాడని రాశావు. నిజం చెబుతాను, విను. పంది కనిపించగానే చెయ్యి తెరిచేస్తున్నావా అని అడిగావు. ఆ మాట నాకు గుచ్చుకుంది. ఇంట్లో అందరికీ అన్నం పెట్టి నేను మాత్రం తినలేకపోయాను. సరే, ఇంకెవరూ నన్ను ఆ మాట అనకూడదని, నువ్వు రాసినట్టే తాడు మణికట్టుకి రెండు చుట్లు చుట్టుకుని వీధిలోకి వెళ్లాను. పంది వచ్చింది. వాడు ఉరికాడు. నేను చెయ్యి తెరిచాను తమ్ముడూ. తెరిచినా తాడు వదల్లేదు. నువ్వు అలాగే కదా చెప్పావు, వదలదని? కాలవ గట్టుదాకా ఈడ్చుకుపోయి పడ్డాను.

పడ్డాక చుట్లు జారాయి. వాడు తాడుతో సహా పంది వెంట పరిగెత్తాడు. సగం దూరం వెళ్లి వెనక్కి చూశాడట, ఇది పంజాబీ ఆవిడ చెప్పింది. పందిని వదిలేసి వచ్చి నా పక్కన కూర్చున్నాడు. ఆస్పత్రికి ఆటో ఎక్కించేదాకా కదల్లేదు. వాడు పందిని వదిలి వచ్చాడు. నువ్వు ఇన్ని నెలల్లో ఒక్కసారి రాలేదు. అదీ నా కోపం. చెయ్యి గురించి కాదు.

మీ బావ ఆ రెండు చుట్ల సంగతి విని కంచం దగ్గర్నుంచి లేచిపోయారు. "ఆడి గ్యాంగులో ఎవడైనా లోడు తాడు సేతికి సుట్టుకుంటే ఆ పూటే షిఫ్టు నుంచి ఎల్లగొట్టీసీవోడు. అప్పకి అదే సెయ్యమని రాసినాడా? బుర్రుందేటి ఆడికి?" అన్నారు. నేను ఆయనకి చెప్పినట్టుగా నీకు చెబితే ఏం చేస్తావో నాకు తెలుసు. రెండో రోజుకి రైలు దిగి కుక్కని తోలుకుపోతావు. అందుకే అమ్ముని కూడా రాయనివ్వలేదు. నువ్వు ఇప్పుడు సరిగ్గా అదే రాశావు.

దేనితో కట్టాలో మొదటి ఉత్తరంలో నిన్ను అడిగాను. నువ్వు ఎంత బరువుకి తెగుతుందో చెప్పావు. అది నీ పని బుద్ధి. మీ బావ పని వేరు కదా. ఆయన ఎత్తుల మీదికెక్కి పనిచేసే మనిషి, పడితే ఏమవుతుందో ఆలోచిస్తారు. ఇప్పుడు వాళ్లకి, పైనుంచి పడకుండా కట్టుకునే కొత్త బెల్టులు వచ్చాయి. పాతవి నడుముకి ఒక్కటే ఉండేవి, జారితే మనిషి ఆగేవాడు గానీ నడుము విరిగేది. కొత్తవి భుజాలకీ తొడలకీ వేస్తారు. బిల్లెట్ పుండుకి మందు రాస్తూ ఆయన అన్నారు, "నడుంకే వొద్దంటున్నారు, మనం ఈడికి మెడకి కట్టి లాగుతున్నాం. మనిసిని మెడకి కట్టి పైకెక్కిస్తారేటే ఎవులైనా?" అని. ఇన్ని ఉత్తరాలు రాసుకున్నాం, ఒక్కరికీ ఆ మాట తట్టలేదు.

పరీక్షలో తప్పిన బెల్టుల్ని ఎవరూ పొరపాటున కట్టుకోకుండా ముక్కలు చేస్తారు కదా, సామాను కట్టుకోడానికి ఆ పట్టీ ముక్కలు మనందరి ఇళ్లలోనూ పడి ఉంటాయి. వాటిలో కొత్తగా ఉన్నవి ఏరారు. గోనెలు కుట్టే దబ్బనంతో ఆయన కుట్టారు, నేను ఎడమచేత్తో పట్టుకున్నాను. రొమ్ము ముందు నుంచి ఒకటి, ముందు కాళ్ల వెనక నుంచి ఒకటి, రెండూ వీపు మీద కలుస్తాయి. రింగు అక్కడ. అతికిన రింగు, గోరుతో తడిమి చూశాను. చంకల దగ్గర ఒరుసుకోకుండా పాత బనీను గుడ్డ చుట్టాం. రెండు వేళ్లు దూరేంత వదులు, అరచెయ్యి దూరకూడదు. ఇంట్లో తలుపులు మూసి, జిలేబీ ముక్క చూపించి వెనక్కి నడిపించాం. ఎంత తన్నుకున్నా తల రాలేదు. మెడకి ఇప్పుడు ఉన్నది పల్చటి గుడ్డపట్టీ మాత్రం. దానికి రేకు ముక్క మీద మా క్వార్టరు నంబరు హిందీలో కొట్టించాను, కుక్కల బండి వాళ్లు చదువుకోడానికి. లాగడం వీపుకి, పేరు మెడకి. పుండు మానిపోయింది, వెంట్రుకలు కూడా వస్తున్నాయి.

తాడు చేతికి చుట్టుకోను. కొసని నాలుగు మడతలు పెట్టి గుప్పిట్లో పట్టుకుంటాను. తెరవాలంటే తెరుచుకుంటుంది.

రోహిణిని అన్న మాట నాది తప్పే. ఎదురుగా వస్తే ఎదురుగా చెబుతాను, ఉత్తరంలో చెప్పించుకోకు. కుక్క నీకు ఇష్టం లేదు అని నువ్వు రాసిన మాట మాత్రం నేను మరిచిపోను. చచ్చేదాకా దెప్పుతాను.

ఇంక నీ గొలుసు. లారీల వాళ్లకి ఇచ్చేద్దామన్నారు మీ బావ. నేను ఒప్పుకోలేదు. నువ్వు వస్తానని రాసిన ఉత్తరం అందిన రోజే దాన్ని గేటుకి వేసి తాళం పెట్టాను. బిల్లెట్ బయటికి పోకుండా కాదు, నువ్వు లోపలికి వచ్చి వాణ్ణి తోలుకుపోకుండా. ప్రతి కడియం అతికినదే, లోడు పెట్టి పరీక్ష చేసిన సరుకు. ఏనుగుని ఆపుతుందన్నావు, తమ్ముణ్ణి ఆపదా?

రా. గేటు దగ్గర నిలబడి "అప్పా" అని పిలు. తాళంచెవి నా కొంగునే ఉంది. వాణ్ణి తీసుకుపోవడానికి రాలేదని చెబితే తీస్తాను.

మీ అప్ప
సూర్యావతి